ఆ పాత రంగు చేతితోనే తీయాలి



ఈ మధ్య సాయంత్రం పూట మా కోసం ఇంటికి వచ్చి, మేము లేమని తిరిగి పోయినవాళ్లు కొందరున్నారు. ఫోన్ చేసినవాళ్లకు "షెడ్డులో ఉన్నాం" అన్నాం గానీ ఏ షెడ్డో చెప్పలేదు. పోయిన ఆదివారం మా వేళ్ల సందుల్లో మెరూన్ రంగు చూసి, "అయ్యగారి చేతికి ఏమైంది?" అని ముందు వరుసలో కూర్చునే అవ్వ మా ఇంటామెను అడిగిందట. ఇక చెప్పక తప్పదు. మన సంఘ పెద్దల్లో ఒకాయన దగ్గర ఉన్న పాత ఫైబర్ కారు మీది రంగు గీకుతున్నాం. మిషను లేదు, మందు లేదు. వాటర్ పేపరు, బ్లేడు, బకెట్టు నీళ్లు. అంతే.

దీని మీద ఇప్పటికే రెండు మాటలు మా చెవిన పడ్డాయి. పాస్టరుకు ఇంత తీరిక ఎక్కడిది అన్నది ఒకటి. దానికి జవాబు లేదు, మీరు చెప్పిందే నిజం కావచ్చు. రెండోది, డబ్బుకు వెనకాడి చేత్తో గీకిస్తున్నారని. దీనికి మాత్రం జవాబు ఉంది. ఫైబర్ ఒంటికి చేతిపని కంటే మంచి దారి లేదు. చేతిపనే ఖరీదైన దారి కూడా. ఆ ఖరీదు ఇవ్వడానికి మనం వెనకాడుతున్నామనేదే మా బాధ.

ముందు ఆ కారు సంగతి. చిన్నవాళ్లకు దాని పేరు కూడా తెలియదు. సిపానీ డాల్ఫిన్. బెంగళూరులో తయారైంది, 1982లో బయటికొచ్చింది. ఇంగ్లండులోని టామ్‌వర్త్‌లో రిలయంట్ కంపెనీ చేసిన కిట్టెన్ అనే చిన్న కారును నమూనాగా తీసుకుని ఇక్కడ కట్టారు. 848 సీసీ ఇంజను, రెండే తలుపులు. అంతకు ముందు వాళ్లే బాదల్ అని మూడు చక్రాల కారు ఒకటి చేశారు. డాల్ఫిన్‌కు కింద ఇనుప చాసిస్, పైన ఒళ్లంతా ఫైబర్ గ్లాస్. గాజుపోగుల చాపను అచ్చులో పరిచి, పాలిస్టర్ రెజిన్ తడిపి, గట్టిపడనిచ్చి తీసిన ఒళ్లు అది. తుప్పు పట్టదు, తేలిక. కానీ 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. జనం అటే పోయారు.

మన పెద్దాయన దాన్ని కోలారు వైపు సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఊర్లో దాన్ని ప్లాస్టిక్ కారు అనేవాళ్లు. ఎనుము వచ్చి ఒళ్లు రుద్దుకుంటే పగిలిపోతుందని ఎగతాళి చేసేవాళ్లు. ఎగతాళి చేసినవాళ్ల ఇళ్లలో కూడా రాత్రిపూట నొప్పులొస్తే ఆ కారే వచ్చింది. ఎన్నిసార్లు మొగిలి ఘాటు దిగి, చిత్తూరు మీదుగా వేలూరు సీఎంసీకి పోయిందో లెక్క లేదు. ఆయన భార్య చివరిసారి ఆసుపత్రికి పోయింది అందులోనే. తర్వాత ఏండ్ల తరబడి చింతచెట్టు కింద నిలబడిపోయింది. ఇప్పుడు ఆయన రెండు కండ్లకూ శుక్లాలు. ఆపరేషన్ చేయించుకుని వచ్చేసరికి దాన్ని మొదటి రంగులో చూడాలని ఆయన కోరిక.

మొదటి రంగు ఏది అన్నదాని మీద ఇంట్లోనే గొడవ. కొడుకు తెలుపు అన్నాడు, కూతురు ఆకుపచ్చ అంది. ఆర్‌సీ తీసి చూస్తే నీలం అని ఉంది. పైన మాత్రం మెరూన్. దాని కింద ఏముందో గీకితే గానీ తెలియదు.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొడుకు బెంగళూరులో పని చేసుకునే మనిషి. వారానికి ఒక పూట వస్తాడు. "అయ్యగారూ, ఇట్ల గీకతా ఉంటే ఎన్ని దినాలు? రిమూవర్ కొడితే పొద్దుగూకేలోగా ఐపోతుంది కదా" అన్నాడు. సైకిలుకు, ఇనుప గేటుకు రిమూవర్ కొట్టడం మేము చూసిందే. సరే అన్నాం. బానెట్ మీద బ్రష్షుతో పూశాం. పది నిమిషాల్లో రంగు ముడతలు పడి అప్పడంలా లేచింది. చూడ్డానికి ఎంత సంతోషంగా ఉందో! స్క్రేపరు పెట్టి లాగితే రంగుతో పాటు కింది పొర కూడా జిగటగా వచ్చేసింది. గోరుతో నొక్కితే గుంట పడుతోంది. కడిగి, ఎండబెట్టి, ప్రైమరు కొట్టి చూశాం. మూడో రోజుకు ఆవగింజల్లా పొక్కులు.

ఎందుకలా అయిందో తర్వాత ఒక పాత పెయింటరు అన్న విడమరచి చెప్పాడు. ఇనుములోకి మందు దిగదు. పైన రంగును మెత్తబరచి అక్కడే ఆగిపోతుంది, తుడిస్తే సరి. ఫైబర్ కారు మీద రంగు కింద జెల్‌కోట్ అని ఒక పొర ఉంటుంది. సుమారు అర మిల్లీమీటరు మందం. అది కూడా రెజినే, అంటే అదీ రంగుకు చుట్టమే. రంగును కరిగించే మందు దాన్ని వదిలిపెడుతుందా? లోపలికి ఇంకి, గాజుపోగుల మధ్య దాక్కుని, కొత్త రంగు వేసినాక ఎండకు ఆవిరై పైకి తన్నుతుంది. మిథిలీన్ క్లోరైడ్ కలిసిన రిమూవర్లైతే మరీ ప్రమాదం. ఒంటికే కాదు, వాడే మనిషికి కూడా. మూసిన గదుల్లో ఆ ఆవిరి పీల్చి మనుషులు చనిపోయారు. అందుకే జనం సొంతానికి కొనుక్కునే రిమూవర్లలో దాన్ని అమెరికాలో 2019లో నిషేధించారు.

హీట్ గన్ పెడదామా అంటే వేడికి రెజిన్ మెత్తబడి పొరలు విడిపోతాయి. గ్రైండరు పెడితే రెండు సెకన్లలో జెల్‌కోట్ దాటి గాజుపోగులు బయటపడతాయి. ఇనుప రేకు మీద గ్రైండరు గీత పడితే లప్పంతో మూసేయొచ్చు. ఇక్కడ పోగు తెగిందంటే ఆ చోట బలమే పోయినట్టు. మళ్లీ మ్యాట్ పరచి రెజిన్ పోయాలి.

అందుకే చేయి. చేతికి ఉన్నది మిషనుకు లేదు. పేపరు కింద రంగు ఐపోయి ప్రైమరు తగిలితే చప్పుడు మారుతుంది. జెల్‌కోట్ తగిలితే నున్నగా జారుతుంది. అప్పుడు ఆపాలి. ఈ ఆపడమే మొత్తం పని అనిపిస్తుంది మాకు.

చేసే విధం ఇది. ఎక్కడ రంగు పెచ్చులుగా లేచి ఉందో అక్కడ బ్లేడు. బ్లేడు రెండు మూలలూ ముందే రాతి మీద అరగదీసుకోవాలి, లేకపోతే మూల గుచ్చుకుని గీత పడుతుంది. బాగా వాల్చి పట్టుకుని తోస్తే పొర పొరగా వస్తుంది, ఉల్లిపొట్టు మాదిరి. అతుక్కుని ఉన్న చోట 120 నంబరు పేపరుతో మొదలుపెట్టి, ప్రైమరు కనబడగానే 220, చివరికి 400. అరచేత్తో పట్టుకుంటే వేళ్ల అచ్చులు పడి గాళ్లు తేలతాయి. మాతో పని చేసే అబ్బాయి పాత హవాయి చెప్పును అడ్డంగా కోసి, దానికి పేపరు చుట్టి ఇచ్చాడు. ఏ షాపులో కొన్నదీ దానంత బాగా ఒంపుల మీద ఒదగలేదు.

నీళ్లు పోసుకుంటూ రుద్దాలి, దుమ్ము లేవదు. అయితే గాజుపోగులు బయటపడిన చోట నీళ్లు ఇంకుతాయి. అది పూర్తిగా ఆరకుండా రంగు కొడితే మళ్లీ అవే పొక్కులు. మన పలమనేరు ఎండ కొంచెం మెతక కదా, మబ్బు పట్టిన వారంలో నాలుగు రోజులు వాకిట్లోకి తోసి, పొద్దు తిరిగినట్టల్లా కారును తిప్పుతూ ఆరబెట్టాం. దారిన పోయేవాళ్లు బియ్యం ఆరబోసుకున్నట్టు కారు ఆరబోసుకుంటున్నారని నవ్వారు.

ఎడమ తలుపు కింద, రబ్బరు బీడింగు చాటున, మెరూన్ పోయాక తెలుపు వచ్చింది. కొడుకు ముఖం వెలిగింది. దాని కింద లేత ఆకుపచ్చ. కూతురికి ఫోన్ చేశాం. దాని కింద నీలం. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరి వయసుకు గుర్తున్న రంగు వాళ్లు చెప్పారు. రిమూవర్ కొట్టి ఉంటే ఈ మూడూ ఒక ముద్దగా కాలువలోకి పోయేవి.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. అసలు ఈ వ్యాసం వాడి కోసమే రాస్తున్నాం. మన సంఘం బిడ్డే, మీలో చాలామందికి తెలుసు, పేరు రాయం. టింకరింగ్, పెయింటింగు షెడ్డులో పని. అక్కడ పనంతా కాంట్రాక్టు. బండికి ఇంత అని మాట్లాడుకుంటారు. నీళ్లతో రుద్దితే ఆరే దాకా ఆగాలి. అందుకని పొడిగానే రుద్దుతారు. ముక్కుకు కర్చీఫు. రాత్రి ఇంటికి పోయి దగ్గితే కళ్లె బండి రంగులో పడుతుందని వాళ్లమ్మ ప్రార్థన మనవిగా మాకు చెప్పింది. ప్రార్థన చేశాం. చేసి ఇంటికి వచ్చాక మాకు గుర్తొచ్చింది: రెండేండ్ల కిందట సంఘం వ్యానుకు రంగు వేయించినప్పుడు బేరమాడి, ఆదివారంలోగా కావాలని తొందరపెట్టింది మేమే. రుద్దింది వాడే. ఆ దగ్గులో మా బేరం కూడా ఉంది.

పాత రంగు దుమ్మంటే ఉత్త దుమ్ము కాదు. ఆ కాలపు రంగుల్లో సీసం కలపడం మామూలు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అదైనా ఇళ్ల రంగులకే. సీసం రక్తంలో చేరుతుంది, చొక్కా మీద ఇంటికి వచ్చి చిన్నపిల్లల నోట్లోకీ పోతుంది. దానికి తోడు గాజుపోగుల పొడి. చర్మం దురద, కండ్ల మంట, గొంతు గరగర. మొదటి రోజు పొట్టి చేతుల చొక్కాతో పోయి, ఇంటికొచ్చి వేడినీళ్లు పోసుకుని రాత్రంతా గోక్కున్నది మేమే. రుద్దకుండా చన్నీళ్లతో కడుక్కోవాలని తర్వాత తెలిసింది. ఇప్పుడు మా ఇంటామె ఆ చొక్కాను వేరే బకెట్టులో, వేరేగా ఉతుకుతోంది.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉన్న సీమ మనది. క్షయ రోగుల కోసం 1910ల్లో పలు మిషన్లు కలిసి కట్టిన శానిటోరియం. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోల్లర్ దాన్ని నడిపారు. అప్పటికి ఆ జబ్బుకు మందే లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, వీటి కోసమే దూరదూరాల నుంచి మన గాలిని వెతుక్కుంటూ వచ్చారు. ఊపిరి విలువ తెలిసిన ఈ గడ్డ మీద పదిహేడేండ్ల పిల్లోడు కర్చీఫు కట్టుకుని సీసం పీలుస్తుంటే, బండి ఎప్పుడిస్తావని మాత్రం అడుగుతున్నాం.

షెడ్డు ఓనర్ల మాట కూడా న్యాయమే. మేము అడిగినప్పుడు ఒకాయన అన్నాడు, "నీళ్లతో రుద్ది, మాస్కులిచ్చి, వారం ఆగి చేస్తా అయ్యగారూ. పక్క షెడ్డులో సగానికి చేస్తారని మీ సంఘమోళ్లే పోతారు. అప్పుడు నేనేం తినాలి?" దీనికి మా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన చెప్పింది నిజం, ఆ పక్క షెడ్డుకు పోయినవాళ్లలో మేమూ ఉన్నాం.

కాబట్టి మా అభిప్రాయం ఇది, మీకు కోపం వచ్చినా సరే. పాత బండికి రంగు తీయించేటప్పుడు కాంట్రాక్టు మాట్లాడొద్దు, దినకూలి మాట్లాడండి. తొందర పెట్టొద్దు. పొడిగా రుద్దుతుంటే బండి అక్కడ వదిలి రావద్దు. ఎన్95 మాస్కు మీరే కొనిచ్చి, బిల్లులో తగ్గించుకోకండి. స్ప్రే కొట్టే వేళకు అది చాలదు, బొగ్గు ఫిల్టరున్న మాస్కు ఉండాలి. రుద్దిన బురదను పట్ట మీద పట్టి మూటగట్టాలి. కోళ్లు తిరిగే వాకిట్లో పారబోయొద్దు. ఇవన్నీ కలిపితే ఖర్చు రెట్టింపు కావచ్చు. అంత పెట్టలేకపోతే పాత రంగుతోనే నడుపుకుందాం. ఏ బండీ రంగు వెలిసిందని ఆగిపోలేదు.

మన పెద్దాయన కారు పనికి ఆ అబ్బాయి షెడ్డు ముగిశాక సాయంత్రాలు వస్తున్నాడు. పూట పనికే అయినా దినానికి 800 ఇస్తున్నాం. మొదటి వారం తీసుకోనన్నాడు, సంఘం పని కదా అని. సంఘం పని కాబట్టే తీసుకోవాలని వాళ్లమ్మ చేతికిచ్చాం. కొడుకు కూడా ఇప్పుడు శనివారం రాత్రే వచ్చి, తెల్లవారి ఆరాధనకు ముందు గంటసేపు రుద్దుతున్నాడు. బానెట్ మాత్రం లాభం లేదు. చెడిన జెల్‌కోట్ మొత్తం గీకి తీసి, కొత్త మ్యాట్ వేయాలి. ఆ ఖర్చు మాది.

కుడి తలుపు, డిక్కీ మిగిలాయి. చేతనైనవాళ్లు మంగళవారం సాయంత్రం ఐదింటికి రండి. నిండు చేతుల చొక్కా వేసుకోండి, పాత చెప్పు ఉంటే ఒకటి తెచ్చుకోండి.