ఫాగ్ లైటుకు ఫోకస్ ముఖ్యం



మార్గశిరం దగ్గర పడుతోందంటే లారీవాళ్లు ఫాగ్ లైట్ల కోసం షాపులకు రావడం మొదలుపెడతారు. తణుకు, తాడేపల్లిగూడెం, రావులపాలెం, రాజమండ్రి, ఎక్కడ చూసినా ఇదే సీజను. లారీలకు లైట్ల పని చేసుకుని బతికేవాణ్ణి కనుక, లైట్లు పెట్టించుకోవద్దని చెప్పడానికి నేనీ లేఖ రాయడం లేదు. పెట్టించుకున్న లైటుకు ఫోకస్ సరిచేయకపోతే అది పెట్టించుకున్నవాడికి పనికిరాదు, పైగా ఎదురొచ్చేవాడి ప్రాణాల మీదికి తెస్తుంది. ఫోకస్ చూడకుండా ఏ బండినీ షెడ్డు నుంచి పంపకూడదు. అలా చూసుకోవడానికి వీలుగా రవాణా శాఖా, లారీ యజమానుల సంఘాలూ కలిసి ఊరూరా గోడల మీద కొలత గీతలు గీయించాలి. ఈ లేఖలో నేను అడిగేది ఇదే.

మంచుకు కావలసిన తేమంతా మా గోదావరి డెల్టాలోనే ఉంది. సార్వా కోతలయ్యాక దాళ్వా నాట్లకు కాలవల్లో నీరు, చేలల్లో నీరు. ఉండి, ఆకివీడు, భీమవరం వైపు కనుచూపు మేర చేపల చెరువులు. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడి, ఆ తేమంతా నేలను అంటుకుని మంచు కడుతుంది. మధురపూడి విమానాశ్రయంలో విమానాలు ఆలస్యమవుతున్నాయన్న వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. విమానాన్ని ఆపేవాళ్లున్నారు. లారీని ఎవరు ఆపుతారు? ఐసు వేసిన చేపల లోడు, కడియం మొక్కల లోడు, అంబాజీపేట కొబ్బరి, మండపేట బియ్యం అన్నీ ఆ మంచు వేళకే రోడ్డెక్కుతాయి. అదే రోడ్డు మీద పాల క్యాన్లు కట్టుకున్న సైకిళ్లు, నాట్లకు వెళ్లే ఆడకూలీలను ఎక్కించుకున్న ఆటోలు. సార్వా ధాన్యం ఇంకా ఎత్తకపోతే రోడ్డు వారన రాశులు, వాటి మీద బరకాలు, చుట్టూ అడ్డం పెట్టిన రాళ్లు. ఇంకో పక్క కాలవ.

ఫాగ్ లైటు అవసరం ఇక్కడే. అది దూరం చూపించడానికి పెట్టేది కాదు. బండి ముందు నేలనూ, రోడ్డు రెండు అంచులనూ వెడల్పుగా చూపించడానికి పెట్టేది. ఆ రాయి, ఆ రాశి, ఆ గట్టు కనిపించాలి. అందుకే దాని వెలుగు పైకి పోకుండా అడ్డంగా కోసినట్టు ఆగేలా గాజునూ రిఫ్లెక్టర్‌నూ తయారు చేస్తారు. మంచు బిందువు మిల్లీమీటరులో సుమారు వందో వంతు ఉంటుంది. దాని మీద పడిన వెలుగు అన్ని వైపులకూ చెదురుతుంది, కొంత వెనక్కి డ్రైవరు కంట్లోకే వస్తుంది. పైకెత్తిన లైటుతో ఆ చెదిరిన వెలుగు సరిగ్గా చూపుకు అడ్డంగా, కళ్లముందు తెల్ల పంచె ఆరేసినట్టు నిలుస్తుంది. వెలుగు కంటికి ఎంత కిందుగా ఉంటే ఆ పంచె అంత పలచబడుతుంది. పసుపు రంగు గాజు మంచును చీల్చుకుపోతుందని చాలామంది నమ్ముతారు. వెలుగు తరంగం కన్నా మంచు బిందువు చాలా పెద్దది కాబట్టి రంగుతో పెద్ద తేడా రాదు. పసుపు కంటికి కాస్త హాయిగా ఉండొచ్చు, అంతవరకే. రంగు మార్చి ఫోకస్ వదిలేస్తే ఒరిగేదేమీ లేదు.

ఫోకస్ పెట్టడం కష్టమైన పని కాదు. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిగా ఉన్నప్పుడు, బండిని గోడకు ఎదురుగా 25 అడుగుల దూరంలో నిలపాలి. నేల నుంచి లైటు మధ్య భాగం ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో ఒక గీత గీయాలి. దానికి 4 అంగుళాలు కింద ఇంకో గీత. ఒక లైటుకు గోనెపట్టా కప్పి, రెండోదాని నట్టు వదులు చేసి, వెలుగు పై అంచు కింది గీత మీదికి వచ్చేదాకా వంచి బిగించాలి. తర్వాత కప్పిన లైటుకూ అలాగే. లైట్లు బంపరు మీద రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే ఈ లెక్కన వెలుగు పై అంచు 190 అడుగుల లోపే నేలను తాకుతుంది. అదే లైటు రెండు డిగ్రీలు పైకి లేచి ఉంటే, వంద అడుగుల దగ్గర దాని అంచు ఆరడుగుల ఎత్తులో ఉంటుంది. మోటారు సైకిలు మీద వచ్చేవాడి కళ్లు దానికి కిందే కదా, వెలుగంతా వాడి మొహాన పడుతుంది. రెండు డిగ్రీలంటే చూడ్డానికి తెలిసే వంపు కూడా కాదు. షెడ్డులో వెలిగించి చూస్తే బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. గోడ ముందు పెడితేనే బయటపడుతుంది.

లోడు సంగతి కూడా మరవకూడదు. ఖాళీ బండికి సరిపెట్టిన ఫోకస్, లోడు పడి వెనక కమాన్ కట్టలు కిందికి దిగగానే పైకి లేస్తుంది. అందుకే రోజూ ఎత్తే లోడుతోనే గోడ ముందుకు రావాలని డ్రైవర్లకు చెబుతుంటాను. గతుకుల కాలవగట్టు రోడ్ల మీద నట్లు వదులవుతాయి, స్ప్రింగ్ వాషర్ వేయాలి, నెలకోసారి మళ్లీ చూసుకోవాలి.

ఇక క్యాబిన్ నెత్తిన ఎల్ఈడీ బార్లు. వాటికి వెలుగు కోసే అంచే ఉండదు. గోడ మీద గీతలా అంచు పడని లైటు ఎంత ఖరీదైనా ఫాగ్ లైటు కాదు. తొమ్మిది అడుగుల ఎత్తున పెట్టి, ఎంత జాగ్రత్తగా అదే లెక్కన వంచినా, 300 అడుగుల దూరంలో దాని నడి వెలుగు నేలకు అయిదడుగుల ఎత్తున, ఎదురొచ్చేవాడి కంట్లోనే ఉంటుంది. తనిఖీల్లో అలాంటివి పీకించడం న్యాయమే. కానీ కొన్నిచోట్ల వాటితో పాటు బంపరు మీది మంచి లైట్లనూ పీకిస్తున్నారు. మంచులో వెళ్లక తప్పనివాడికి ఉన్న ఆధారాన్ని తీసేయడం అది. వంకర ఉంటే సరిచేయించి పంపాలి.

చట్టంలో లేనిదేమీ అడగడం లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చదవండి. లైటుకు 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కన, నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకుండా వెలుగు కిందికి వంగి ఉండాలంటుంది. 8 మీటర్లంటే 26 అడుగులు, దాదాపు మన గోడ దూరమే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ (ఎఫ్‌సీ) కోసం వచ్చిన బండికి లైటు వెలుగుతోందా అని చూడటంతో ఆగకుండా, ఎక్కడ పడుతోందో చూడమని తనిఖీ చేసేవాళ్లను కోరుతున్నాను.

లైటు బాగుంది కదా అని స్పీడు పెంచే డ్రైవరు తమ్ముళ్లకు ఒక మాట. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 55 అడుగులు. ఫాగ్ లైటులో వంద అడుగులు కనిపిస్తే గొప్ప. కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే ఆ వందలో చాలా భాగం అయిపోతుంది. లోడు బండి ఆగేదెప్పుడు? మంచు విడిచాక ఫాగ్ లైటు ఆపేయడం, ఎదుటి బండికి డిప్పర్ కొట్టడం మీకు నేను చెప్పాల్సినవి కావు.

జనవరి రోడ్డు భద్రత కార్యక్రమాల్లో డ్రైవర్లకు కంటి పరీక్షలు చేస్తున్నారు, సంతోషం. కళ్లతో పాటు లైట్లనూ చూడండి. జనవరి దాకా ఆగితే సగం మంచుకాలం గడిచిపోతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీదా, 216 మీదా ఉన్న కాటాల దగ్గర, లారీ స్టాండ్లలో, ఒప్పుకున్న పెట్రోలు బంకుల్లో ఒక్కో గోడకు సున్నం కొట్టి, అడుగులూ అంగుళాలూ వేసి, 25 అడుగుల దూరంలో నేల మీద ఒక పసుపు గీత గీయిస్తే చాలు. డబ్బాడు రంగు, ఒక టేపు, ఒక పూట పని. మా ఊళ్లో అలాంటి గోడ దగ్గర ఉచితంగా ఫోకస్ సరిచేసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాలాంటి పనివాళ్లు మిగతా ఊళ్లలోనూ ముందుకొస్తారు. దాళ్వాకు నీళ్లు వదిలేలోగా ఈ పని పూర్తిచేయాలని గోదావరి జిల్లాల లారీ యజమానుల సంఘాలనూ, రవాణా అధికారులనూ మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ఆటో ఎలక్ట్రీషియన్,
తణుకు.