పరుగు ఆగిన గుర్రం ఎవరి బాధ్యత?

ఎథిక్స్ పేపర్లో జంతు సంక్షేమం అనగానే చాలామంది జల్లికట్టు రాసి ఆగిపోతారు. ఈసారి మలక్‌పేట రేస్‌కోర్సు వైపు చూడండి. రేసు గుర్రం రెండేళ్ల వయసులోనే పరుగు మొదలుపెడుతుంది. చాలావాటికి పదేళ్లు నిండకముందే అది ముగుస్తుంది. ఆయుష్షేమో 25 ఏళ్లకు పైనే! ఆ మిగిలిన ఏళ్ల మేత, వైద్యం ఎవరు చూడాలి?

గుర్రప్పందెం నైపుణ్య క్రీడ అని 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పందేలపై ప్రభుత్వం జీఎస్టీ తీసుకుంటోంది. అంటే గుర్రం పరుగులో యజమానికి, క్లబ్బుకు, ఖజానాకు వాటా ఉంది. బాధ్యతలో మాత్రం వాటా కనిపించదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువును అకారణంగా వదిలేయడం నేరమే. మొదటిసారి జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలే.

అధికరణ 51ఎ(జి) జీవకారుణ్యం పౌరుడి విధి అంటుంది. కారుణ్యం ఒక్కటే గడ్డి కొనదు. బ్రిటన్‌లో రేసింగ్ రంగమే 2000లో ఇందుకోసం ప్రత్యేక సంస్థ పెట్టుకుంది. మన దగ్గరా పందెం ఆదాయంలో కొంత పునరావాస నిధికి మళ్లించాలి. చేతులు మారే ప్రతి గుర్రం వివరం నమోదు కావాలి. ఆరోగ్యంగా ఉన్నవాటికి స్వారీ శిక్షణ ఇవ్వొచ్చు. గాయపడినవాటికి ఆశ్రయమే మార్గం.

జవాబులో 'దయ' దగ్గర ఆగకండి. లాభం పొందినవారే భారం మోయాలని రాయండి.