మసకబారిన బోర్డు

ఆదివారం పొద్దున్నే పాతబస్తీలో మెడలో కెమెరాలు వేసుకుని తిరిగే గుంపు కనిపిస్తే విలేకరులు అనుకోకండి. అందులో ఒక బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఒక పళ్ల డాక్టరు, రిటైరైన లెక్కల మాస్టారు ఉంటారు. వాళ్లతో పాటు నేనూ ఉంటాను. ఆరున్నరకల్లా మదీనా దగ్గర కలుస్తాం. రెండు గంటలు సందులు తిరుగుతాం. పైకి లేస్తున్న షట్టర్లు, పావురాలు, ఇడ్లీ బండి మీది ఆవిరి, పతంగి కోసం గోడెక్కిన పిల్లాడు... ఏది కనిపిస్తే అది తీస్తాం. ఆ తర్వాత ఇరానీ హోటల్లో కూర్చుని ఎవరేం తీశారో చూసుకుంటాం. దానికి పదిహేను నిమిషాలు చాలు. మిగిలిన గంటన్నరా కెమెరాల ముచ్చటే.

ఆ గంటన్నరలో ఏముంటుందో ఈ పిచ్చి లేనివాళ్లకు చెప్పడం కష్టం. కారు కొన్నవాడు ఏడాది తిరిగేసరికి ఆ మాట మరిచిపోతాడు. లెన్సు కొన్నవాడు ఇంకో లెన్సు కొనేదాకా మరవడు. 50 ఎంఎం లెన్సు ఎఫ్/1.8 అయితే చాలా, ఎఫ్/1.4 ఉండాలా అన్నది మాలో ఏళ్ల తరబడి నలుగుతున్న వివాదం. వెలుతురులో ఆ రెంటికీ తేడా స్టాపులో మూడింట రెండు వంతులు. ధరలో తేడా అంతకన్నా చాలా ఎక్కువ. వానాకాలం వస్తే చర్చ లెన్సులోపల పట్టే ఫంగస్ మీదికి మళ్లుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేస్తే సరిపోతుందని మాస్టారు అంటారు. తేమను 40-50 శాతం దగ్గర నిలిపి ఉంచే డ్రై క్యాబినెట్ కొనకపోతే లాభం లేదని డాక్టరు అంటారు. ఎవరైనా ఢిల్లీ వెళ్తున్నారని తెలిస్తే చాలు, చాందినీచౌక్ కూచా చౌధరి కెమెరా మార్కెట్‌లో కొనాల్సిన వాటి చిట్టా వాళ్ల జేబులో పడుతుంది.

ఈ చర్చల్లో మాస్టారికి పెద్దగా విలువ ఉండేది కాదు. ఆయన దగ్గరున్నది జేబులో పట్టే చిన్న కెమెరా. 5 మెగాపిక్సెళ్లు. లెన్సు మార్చడానికి లేదు. "మాస్టారూ, దాన్ని సాలార్‌జంగ్ మ్యూజియంకి ఇచ్చేయండి" అని ఏడిపించేవాళ్లం. ఆయన నవ్వేసి ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకునేవారు.

మా అందరికీ ఇష్టమైన మనిషి ఒకాయన ఉండేవారు. పత్తర్‌గట్టీ వెనక ఒక సందులో గడియారాలు బాగుచేసేవారు. మేమంతా చాచా అని పిలిచేవాళ్లం. ఆ సందులో అందరికన్నా ముందు లేచే షట్టరు ఆయనదే. తూర్పు వెలుగు ఏటవాలుగా ఆయన బల్ల మీద పడేది. కంటికి భూతద్దం, నెరిసిన గడ్డం, పట్టకారు పట్టిన వేళ్లు. కెమెరా ఉన్నవాడు ఎవడు వదులుకుంటాడు? ఏళ్ల తరబడి తీశాం. మేం తీసినన్ని ఫోటోలు సినిమా హీరోలకైనా తీసి ఉండరు. విసుక్కునేవారు కాదు. "బిడ్డా, ఈ ముసలి మొహంలో ఏం చూస్తున్నావు?" అని మాత్రం అడిగేవారు.

రోడ్డు వెడల్పు పనిలో ఆ దుకాణం పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లకు చాచా కూడా పోయారు. ఒక ఆదివారం ఆయన కొడుకు మమ్మల్ని వెతుక్కుంటూ హోటల్‌కి వచ్చాడు. "సార్, అబ్బాజాన్ దుకాణంలో కూర్చున్న ఫోటో కావాలి. బోర్డు కనిపించాలి. అది మా తాత రాయించిన బోర్డు. పిల్లలకు చూపిద్దామంటే ఇప్పుడు దుకాణమూ లేదు, బోర్డూ లేదు" అన్నాడు.

దానికేం భాగ్యం అనుకున్నాం. వారంలో ఇస్తామని మాటిచ్చి పంపాం. ఆ వారమంతా హార్డ్ డిస్కులు తిరగేశాం. చాచా కళ్లున్నాయి. చాచా వేళ్లున్నాయి. గడ్డంలో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. ఆయన వెనక మాత్రం పసుపు, ఆకుపచ్చ రంగుల్లో మెత్తని మసక. ఆ మసకే దుకాణం. అందులో ఎక్కడో బోర్డు ఉంది.

అది పొరపాటున జరిగింది కాదు. డబ్బు పోసి కొనుక్కున్నాం. మాలాంటి వాళ్లు వాడే కెమెరాలో 50 ఎంఎం లెన్సు ఎఫ్/1.8 దగ్గర పెట్టి మీటరు దూరం నుంచి తీస్తే సుమారు మూడు సెంటీమీటర్ల లోతు మాత్రమే స్పష్టంగా వస్తుంది. ముక్కు మీద ఫోకస్ చేస్తే చెవి మసకబారుతుంది. వెనకున్నదంతా కరిగిపోతుంది. దీన్ని బోకే అంటారు. దానికోసమే ఎఫ్/1.4 అనీ, 1.2 అనీ వెంపర్లాడతాం. అదే లెన్సుతో నాలుగు మీటర్ల దూరానికి జరిగి ఎఫ్/8లో తీసి ఉంటే సుమారు రెండు మీటర్ల లోతు స్పష్టంగా వచ్చేది. చాచా, బల్ల, గోడకు వేలాడే గడియారాలు, తలపైన బోర్డు అన్నీ పడేవి. ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. వెనకున్నది చెత్త, దాన్ని చెరిపేస్తేనే ఫోటో అని ఒకరికొకరం నేర్పుకున్నాం మరి. ఇప్పుడు ఈ పని ఫోన్‌లే చేసి పెడుతున్నాయి. పోర్ట్రెయిట్ మోడ్ అంటే అదే.

చివరికి ఫోటో మాస్టారి దగ్గర దొరికింది. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాల్లో లెన్సు ఫోకల్ లెంగ్త్ కూడా చాలా తక్కువ. వద్దన్నా దగ్గరిదీ దూరానిదీ అన్నీ స్పష్టంగానే వస్తాయి. సందుకు అవతలి వైపు నుంచి తీసిన ఫోటో అది. ఒక మూల స్కూటర్ అడ్డొచ్చింది. పైన కరెంటు తీగలు. మధ్యలో చాచా, ఆయన తలపైన ఉర్దూలోనూ తెలుగులోనూ రాసిన బోర్డు. అప్పట్లో ఆ ఫోటో చూసి "తీగలు లేకుండా తియ్యాల్సింది మాస్టారూ" అన్నది నేనే.

కష్టాలు అంతటితో తీరలేదు. మా వాట్సాప్ గ్రూపులో ఆయన ఎప్పుడో పెట్టిన కాపీ చాలా చిన్నది. ఫోటోను మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, కెమెరా ఫైల్లో రాసిపెట్టే తేదీ వివరాలూ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపితేనే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. అసలు ఫైలు మాస్టారి బీరువాలో ఒక సీడీలో ఉంది. సీడీ పెట్టే కంప్యూటర్ ఎవరింట్లోనూ లేదు. డాక్టరుగారి క్లినిక్‌లో మూలపడ్డ పాతది పని చేసింది. తీరా ఫైలు తెరిస్తే తేదీ 2005 జనవరి 1, అర్ధరాత్రి అని ఉంది. చూస్తే ఫోటోలో ఎర్రటి ఎండ. బ్యాటరీ తీసినప్పుడల్లా ఆ కెమెరా గడియారం మొదటికొస్తుందట. గడియారాలు బాగుచేసే మనిషి ఫోటోకే టైము తప్పు పడింది. అసలు తేదీ పట్టించింది పక్క గోడ. దాని మీద 'పోకిరి' కొత్త పోస్టరు ఉంది. ఆ సినిమా 2006 ఏప్రిల్ 28న విడుదలైంది. అంటే ఆ ఫోటో 2006 వేసవిలోదన్నమాట.

పోస్టరు ఫోటోను పాడు చేసిందని మేం ఆనాడు అని ఉంటాం. ఈనాడు దానికి ఆధారం అదే. పాత ఫోటోల సంగతి ఎప్పుడూ ఇంతే. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844-1905) తీసిన చార్మినార్ ఫోటోలో మనం చూసేది చార్మినార్‌ని కాదు, అది ఇప్పటికీ అక్కడే ఉంది. దాని చుట్టూ ఉన్న బజారును, బళ్లను, మనుషులను వెతుక్కుంటాం. జైపూర్‌లో పుట్టిన రఘువీర్ సింగ్ (1942-1999) కళంటే నలుపు తెలుపే అనుకునే రోజుల్లో కోడాక్రోమ్ రంగు ఫిలింతో దేశమంతా తిరిగారు. ఆయన ఫ్రేములు మన వీధుల్లాగే కిక్కిరిసి ఉంటాయి. ఆయన పోయాక 2002లో వచ్చిన పుస్తకం నిండా అంబాసిడర్ కారే. అప్పటికది రోడ్డు మీద ఎవరూ తలతిప్పి చూడని కారు. 2014లో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు అదే ఫోటోలు చరిత్ర. ఖాట్మండూలో 2011లో మొదలైన నేపాల్ పిక్చర్ లైబ్రరీ మామూలు ఇళ్లలోని ఆల్బమ్‌లను సేకరించి భద్రపరుస్తోంది. రేపు దేనికి విలువ వస్తుందో తీసేవాడికి తెలియదు. అందుకే చుట్టుపక్కల ఉన్నదాన్ని చెరిపేసే హక్కు మనకు అంతగా లేదు.

మాస్టారి ఫోటోను పది అంగుళాల వెడల్పున ప్రింటు తీయించాం. 5 మెగాపిక్సెళ్లు దానికి బాగానే సరిపోయాయి. చాచా కొడుకు చాలాసేపు చూశాడు. వాళ్ల నాన్న మొహాన్ని కాదు, ముందు బోర్డును. వేలితో ఒక్కో అక్షరం మీదుగా చదువుకుంటూ వెళ్లాడు. మేం తీసిన అందమైన ఫోటోలు కూడా ఓ పది ఇచ్చాం. మర్యాదకు తీసుకున్నాడు.

ఆ తర్వాత మాలో కొన్ని అలవాట్లు మారాయి. నెలకోసారి కెమెరాల్లో తేదీ, టైము సరిచూసుకుంటున్నాం. ఎవరి ఫోటో తీసినా ఇంకొకటి నాలుగడుగులు వెనక్కి వేసి తీస్తున్నాం. సందు పేరు, మనిషి పేరు, నెల, సంవత్సరం ఆ రాత్రే రాసి పెట్టుకుంటున్నాం. ఏడాదికి ఓ ఇరవై ప్రింట్లు తీయించి, వెనక పెన్సిల్‌తో వివరాలు రాసి, అందులో ఉన్నవాళ్లకే ఒక కాపీ ఇస్తున్నాం. హోటల్లో ఎవరు ఫోటో చూపించినా మాస్టారు ముందు అడిగే ప్రశ్న ఒకటే: "బోర్డు పడిందా?"

అలాగని పిచ్చి వదిలిందనుకోకండి. వచ్చే నెల డాక్టరుగారు ఎఫ్/1.4 లెన్సు కొంటున్నారు. దాంతో మొదటి ఫోటో ఎఫ్/8లోనే తియ్యాలని షరతు పెట్టాం.