పెద్దబండీ, పెద్దరికమూ

కిందటి నెల మా మరిది పెద్ద బండి కొన్నాడు. కొన్నవాడు కొని ఊరుకోకుండా, నిమ్మకాయలు తొక్కించి, బంతిపూల దండ వేసి, గుళ్లోంచి తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చాడు. మా తోటికోడలు పట్టుచీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఆ ఎత్తునుంచి దిగుతుంటే, రథం మీంచి అమ్మవారు దిగుతున్నట్టే వుంది. కాఫీలు తాగి వాళ్లు వెళ్లిపోయారు. బండి మాత్రం మావారి బుర్రలోంచి వెళ్లలేదు.

"మన కారుకి పదకొండేళ్లు నిండాయోయ్. ఈసారి మనమూ ఎస్.యు.వి.యే తీసుకుందాం" అన్నారు ఆ రాత్రి మజ్జిగన్నం కలుపుకుంటూ.

"ఎందుకండీ?" అన్నాను.

నేనడిగింది ఒక్క ముక్క. జవాబులు మాత్రం నాలుగొచ్చాయి. ఒకటి, ఎత్తుగా వుంటుంది కనక వానొచ్చినా భయం లేదు. రెండు, అమ్మకి సుఖం. మూడు, పన్ను తగ్గింది. నాలుగు, అన్నిటికంటే ముఖ్యం, మనకీ పిల్లకీ క్షేమం. ఐదోది ఆయన చెప్పలేదు. నేను చెబుతాను. తమ్ముడు కొన్నాడు!

బండ్ల సంగతి ఆడవాళ్లకేం తెలుసు అంటారు. మిక్సీ కొనేటప్పుడు జారు ఎంత, మోటారుకి గ్యారంటీ ఎన్నేళ్లు, రిపేరు ఎక్కడ అని పది ప్రశ్నలు వేసేది మనమే. పద్దెనిమిది లక్షల వస్తువు దగ్గరికి వచ్చేసరికి మనల్ని రంగు ఎంచమంటారు. నేను రంగు ఎంచనన్నాను. ఆ నాలుగు కారణాలూ ఒక్కొక్కటే చేటలో పోసి చెరగడం మొదలుపెట్టాను.

ముందు వాన సంగతి. మాది విజయవాడ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మేం ఇక్కడే వున్నాం. ఆ నీళ్లలో జనాన్ని ఒడ్డుకి చేర్చినవి పడవలు. అన్నం పొట్లాలు డ్రోన్ల మీద కూడా వెళ్లాయి. ఎత్తు బండ్లూ పొట్టి బండ్లూ కలిసే మునిగాయి. అసలు ఆ ఎత్తెంతో కనుక్కున్నారా? నేలకీ బండి పొట్టకీ మధ్య ఎడం ఈ మధ్యరకం ఎస్.యు.వి.లకి సుమారు 200 మిల్లీమీటర్లు. అంటే నా జానెడు కంటే తక్కువే. మామూలు చిన్నకార్లకి 160, 170 దాకా వుంటుంది. మీరు లక్షలు పోసి కొనే అదనపు ఎత్తు రెండు వేళ్ల మందం! పోనీ కొండలెక్కుతుందా అంటే, ఊళ్లో అమ్ముడయ్యే వాటిలో చాలామట్టుకు ముందు రెండు చక్రాలకే ఇంజను బలం అందుతుంది. మామూలు కారు అడుగు మీదే ఎత్తుగా కట్టిన డబ్బా అది. పేరులో అడవి వుంది గానీ బతుకంతా బెంజి సర్కిల్లోనే.

రెండోది మా అత్తయ్యగారి సుఖం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మరిది బండి ఎక్కించడానికి ఆవేళ ఒక పీట, ఇద్దరు మనుషులు, మూడుసార్లు "రామచంద్రా" కావలసి వచ్చాయి. "మీ సుఖం కోసమేనటండీ" అని చెబితే, "నా సుఖం కోసమైతే నన్ను అడగొచ్చుగా అమ్మాయ్, నాకు రిక్షా అంత ఎత్తుంటే చాలు" అన్నారు. ఎత్తు సీటు కొందరికి హాయిగా వుండేమాట నిజమే. కానీ మన పెద్దవాళ్ళని ఒకసారి ఎక్కించి, దించి చూడకుండా వాళ్ల పేరు చెప్పి కొనడం అన్యాయం కాదూ?

ఇక పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. తగ్గిన మాట వాస్తవమే. పెద్ద ఎస్.యు.వి.లకి సెస్సుతో కలిపి 50 శాతం దాకా వుండేది 40కి దిగింది. ఆ సంగతి షోరూంవాడు చెప్పాడు. నాలుగు మీటర్లలోపు పొడవూ, 1200 సి.సి.లోపు పెట్రోలు ఇంజనూ వున్న చిన్నకార్లకి 18 శాతానికి దిగిందని మాత్రం అడిగితేనే చెప్పాడు. చిన్నకారుకి పన్ను తగ్గించే ఈ నాలుగు మీటర్ల లెక్క 2006 బడ్జెట్ నాటిది. అందుకే ఈనాడు 3,995 మిల్లీమీటర్ల పొడవున్న బుల్లి ఎస్.యు.వి.లు బోలెడు కనిపిస్తాయి. పన్ను కొలతకి సరిపోయేలా దర్జీ గుడ్డ కత్తిరించినట్టు కత్తిరించారు. చిన్నకారుకే పెద్ద కారు వేషం వేసి, వేషానికి వేరే డబ్బు తీసుకుంటున్నారన్నమాట.

నేను బి.ఏ. చదివినదాన్ని, లెక్కల మనిషిని కాను. అయినా చాకలిపద్దు రాసే చేత్తోనే ఇదీ రాశాను. ఎనిమిది లక్షల కారు చాలు అనుకునేచోట పద్దెనిమిది లక్షల బండి తీసుకుంటే తేడా పది లక్షలు. అది బ్యాంకు అప్పు అనుకోండి. తొమ్మిది శాతం వడ్డీకి ఏడేళ్లపాటు నెలకి 16 వేల పైచిలుకు. మొత్తం పదమూడున్నర లక్షలవుతుంది. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరుగుతాం. లీటరుకి 18 ఇచ్చే కారుకీ 12 ఇచ్చే బండికీ తేడా 277 లీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన ఏటా ముప్ఫైవేలు దాటుతుంది. ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసు అన్నీ బండిని బట్టే పెరుగుతాయి. దీన్నే మన పెద్దలు ఏనుగుని మేపడం అన్నారు. ఏనుగు మీద వారానికి అయిదు రోజులు ఊరేగేది ఎవరయ్యా అంటే, లంచ్ బాక్సుతో మావారొక్కరే. ఆరు కిలోమీటర్లు!

"అందరూ పిచ్చివాళ్లా మరి?" అన్నారు ఆయన. అందరూ కొంటున్న మాట నిజం. 2024-25లో మన దేశంలో అమ్ముడైన సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాల్లో 28 లక్షలు ఈ యుటిలిటీ జాతివే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దాని బరువు 650 కిలోల చిల్లర. అందులోనే నలుగురు పెద్దలూ, ఒళ్లో ఇద్దరు పిల్లలూ, అన్నవరం ప్రసాదమూ పట్టేవి. ఇవాళ ముగ్గురికోసం రెండు టన్నుల ఇనుము కావాలంటున్నాం. మనం లావయ్యామేమోగానీ మరీ అంత లావు కాలేదు!

నవ్వులాటకి అన్నాను గానీ, నాలుగో కారణం దగ్గర నాకు నవ్వు రాలేదు. క్షేమం.

ఆ ఆదివారం షోరూంకి వెళ్లాం. సేల్స్ కుర్రాడు నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, "చూశారా మేడమ్, రోడ్డంతా మీ కాళ్లకింద వున్నట్టుంటుంది" అన్నాడు ఉత్సాహంగా. నిజంగానే అలా వుంది. ముందు బానెట్టు ఎత్తరుగులా అడ్డొస్తోంది. దాని అవతల నేల కనబడదు. ఇంతలో మా అమ్మాయి ఆ బండి ముందునుంచి నడిచి వెళ్లింది. నాకు తలా భుజాలూ మాత్రం కనిపించాయి. ఆరేళ్ల పిల్లయితే ఆ తలా కనిపించేది కాదు.

మా అమ్మాయి రోజూ కాలేజీకి వెళ్లేది స్కూటీ మీద. ఆ కుర్రాడు చెప్పిన కాళ్లకింది రోడ్డు మీదే!

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనాల వాళ్లు. మరో 19 మందికి పైగా నడిచిపోయే వాళ్లు. మన రోడ్ల మీద ఎక్కువగా చచ్చిపోయేది కారులో కూర్చున్నవాళ్లు కారన్నమాట. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ 2023లో, పాదచారులకి తగిలిన ప్రమాదాలు దాదాపు 18 వేలు పరిశీలించింది. ముప్ఫై అంగుళాలు మించని, ఏటవాలు ముక్కున్న కారు కంటే, నలభై అంగుళాలు దాటిన బానెట్టున్న బండి గుద్దితే మనిషి చచ్చిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేల్చింది. నలభై అంగుళాలంటే మన నడుం పైమాటే. పొట్టి కారు కాళ్లకి తగిలి మనిషిని బానెట్టు మీదకి వేస్తుంది. ఎత్తు బండి గుండెకీ తలకీ తగిలి కిందకి తోస్తుంది.

"మన పిల్ల బండిలో వుంటే క్షేమమే కదా" అంటారు. ఎంతసేపు వుంటుంది? పండక్కి తెనాలి వెళ్లి వచ్చేంతసేపు. మిగతా మూడువందల రోజులూ పక్కవాళ్లు తమ పిల్లల క్షేమం కోసం కొన్న బండ్ల మధ్య స్కూటీ మీద వుంటుంది. మనం కొన్నా అంతే. మన బండి ముందు ఇంకోతల్లి కూతురు వుంటుంది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. ఇవాళ మనం ఎత్తు కొంటే రేపు పక్కవాడు ఇంకా ఎత్తు కొంటాడు. ఇందులో గెలిచేవాళ్లెవరు? లోపలి క్షేమం కావాలంటే దానికీ దారి వుంది. 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే కార్లని గుద్దించి పరీక్షించి నక్షత్రాలిస్తున్నారు. ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న నాలుగు మీటర్లలోపు కార్లూ వున్నాయి. నక్షత్రాలు చూసి కొనండి. ఎత్తు చూసి కాదు.

పెద్ద బండి ఎవరికీ వద్దని నేననను. ఏడుగురున్న ఉమ్మడి కుటుంబానికీ, ఏజెన్సీ మట్టిరోడ్ల మీద తిరిగే డాక్టరుకీ, పొలానికి సరుకు మోసే రైతుకీ అది అవసరం. అవసరానికి కొన్నదాన్ని ఎవరూ తప్పుపట్టరు. అవసరం లేని పెద్దరికానికి మాత్రం ఖరీదు వుండాలి. పారిస్ నగరంలో 2024లో జనాన్ని ఓట్లడిగి, ఆ ఊరివాళ్లు కానివారి బరువైన కార్లకి పార్కింగు రుసుం మూడింతలు చేశారు. మా అపార్టుమెంటు సెల్లారులో ఆ పని చేస్తే సగం గొడవలు సద్దుమణుగుతాయి. మరిది బండి వచ్చిన నాడు పక్కవాటా ఆవిడ తన స్కూటరు బయటికి తీసుకోలేక ఆటోలో వెళ్లింది.

అంచేత అక్కచెల్లెళ్లారా, మీ ఇంట్లోనూ ఈ మాట వచ్చినప్పుడు రంగు ఎంచి ఊరుకోకండి. వారంలో ఎన్ని రోజులు ఎంతమంది ఎక్కుతారో ఒక కాయితం మీద రాయించండి. తాళం మీరు పుచ్చుకుని, డ్రైవరు సీట్లో మీరు కూర్చోండి. బండి ముందు మీ పిల్లని నిలబెట్టి, కనిపిస్తోందో లేదో చూడండి.

షోరూంలో నేను చేసింది అదే. తరవాత మావారిని అదే సీట్లో కూర్చోమన్నాను. "అమ్మాయి కనిపిస్తోందాండీ?" అని అడిగాను. ఆయన మెడ సాచి చూశారు. ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో కూడా ఏమీ అనలేదు. మూడోరోజు సాయంత్రం ఒక చిన్నకారు కొటేషను తెచ్చి బల్ల మీద పెట్టి, "రంగు నువ్వే చెప్పు" అన్నారు.

తెలుపు అన్నాను. ఇక మిగిలింది మా తోటికోడలికి చెప్పడం. ఆ పని మాత్రం ఆయన్నే చెయ్యమన్నాను.