అడిగితే కదా చెప్తారు!

నా నవల మీద ఇంతవరకూ వచ్చిన సమీక్షలన్నిటిలోకీ మంచిది ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. ఆ సమీక్ష చేసింది తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక పిల్ల. చేసిన మరుక్షణమే ‘కూర్చో’ అనిపించుకుంది. ఆ సంగతి నలుగురికీ చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు.

శ్రీకాకుళానికి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఒక హైస్కూలు వాళ్ళు నన్ను సభకి పిలిచారు. పదమూడు నుంచి పదిహేడేళ్ళ లోపు పిల్లల కోసమని నేనో నవల రాశాను. సభకి నెల ముందే పాతిక కాపీలు ఆ బడికి పంపించాను. చెప్పొద్దూ, నా నవలంటే నాకు మహా ముద్దు. పదో తరగతి పిల్లకి ఇంట్లో పెళ్ళి కుదురుస్తారు. పిల్ల ఏడుస్తుంది. సంగతి తెలిసి తెలుగు మాష్టారు ఆ ఇంటికి వెళతారు. చదువు విలువ గురించి నాలుగు పేజీలు మాట్లాడతారు. తండ్రి కళ్ళు చెమరుస్తాయి. పెళ్ళి ఆగిపోతుంది. శుభం.

దండలూ శాలువాలూ అయ్యాక “ఎవరైనా ప్రశ్నలుంటే అడగండర్రా” అన్నారు హెడ్మాష్టారు, ఎవరూ అడగరన్న ధైర్యంతో. మూడో వరసలోంచి ఒక పిల్ల లేచింది.

“మీ పుస్తకం సగం బావుంది మేడమ్.”

“మరి రెండో సగమో?” అన్నాను నవ్వుతూ.

“రెండో సగంలో మాష్టారొచ్చీసారు.”

పిల్లలంతా గొల్లుమన్నారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. “మొత్తం మాష్టారే సేసీసారు మేడమ్. మరా పిల్లేటి సేసింది? ఏటీ సెయ్యనేదు, ఏడ్సింది. మా బడి గోడ మీద 1098 అని ఇంతింత అక్షరాల్తో రాసుంది. ఆ పిల్ల బడికి గోడ నేదా?”

“రచయిత్రి గారితో అలాగేనా మాట్లాడ్డం? నీకేం తెలుసు, కూర్చో!” అన్నారు పక్కనున్న టీచరుగారొకరు. పిల్ల కూర్చుంది.

అక్కడి వరకూ తప్పు ఆవిడది. ఆ పైది నాది. “చెప్పనివ్వండి” అనవలసిన దాన్ని, శాలువా సర్దుకుని, పెద్దమనిషి తరహాగా చిరునవ్వొకటి నవ్వి ఊరుకున్నాను. తిరుగు బస్సెక్కాక ఆ శాలువా ముళ్ళకంపలా గుచ్చుకుంది. అచ్చుకి వెళ్ళే ముందు నా నవలని ముగ్గురు పెద్దలు చదివారు. కామాలు దిద్దారు, ఉపమానాలు మెచ్చుకున్నారు. ఆపదలో ఉన్న పిల్లలు పైసా ఖర్చు లేకుండా ఫోను చేసుకోవచ్చని గోడల మీద రాసిపెట్టిన నంబరు వాళ్ళలో ఒక్కరికీ గుర్తు రాలేదు. బి.ఏ.లో సాహిత్య విమర్శ చదువుకున్న నాకూ రాలేదు. అది చూసింది ఆ పిల్లొక్కతే. ఎందుకంటే ఆ గోడ పక్కన కూర్చునేది ఆ పిల్లే గనక.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. ఏ సాహిత్య సభకైనా వెళ్ళండి, “ఈ కాలం పిల్లలు పుస్తకాలు చదవరండీ” అనే నిట్టూర్పు కాఫీ కంటే ముందొస్తుంది. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. వాళ్ళకోసం రాసేది మనం. అచ్చువేసేది మనం. బహుమతులిచ్చేది మనం. కొనేది మనం. బీరువా తాళం చెవి మన దగ్గర. ఇన్ని చేసి, “ఎలా ఉందర్రా?” అని ఒక్కమాట అడగం. అడక్కుండా వడ్డించి, తినలేదని ఏడవటం ఏం న్యాయం? హోటల్లో సర్వరైనా “సాంబారు వెయ్యమంటారా?” అని అడుగుతాడే!

2020లో మన రాష్ట్రంలోని బడుల్లో ‘చదవడం మాకిష్టం’ అని ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. మంచి పని, కాదనను. కానీ ఆ పేరులో ‘మాకు’ అంటే ఎవరికండీ? పిల్లల నోట్లో మాట కూడా మనమే పెట్టేశాం! ఇష్టమో కష్టమో వాళ్ళని చెప్పనివ్వాలి కదా. కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్య పురస్కారం ఇస్తోంది. అదీ సంతోషమే. కానీ తొమ్మిదేళ్ళ వాళ్ళనీ పదహారేళ్ళ వాళ్ళనీ ఒకే గాటన కట్టింది. తొమ్మిదేళ్ళ పిల్లకి కుందేలు కథ కావాలి. పదహారేళ్ళ పిల్లకి, తనంటే ఎవరికీ ఎందుకు అర్థం కాదో చెప్పే కథ కావాలి. ఇద్దరికీ కలిపి ఒకే గౌను కుట్టించమని దర్జీనడిగితే టేపు మెళ్ళోంచి తీసి మన చేతికిస్తాడు. పోనీ, ఆ తీర్పరులలో ఒక్క పదహారేళ్ళ వాళ్ళున్నారా? లేరు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. మా విజయనగరంలో 1892లో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ తీసి చూడండి. వెంకటేశం చేత ఇంటి నుంచి డబ్బు తెప్పించటానికి గిరీశం పుస్తకాల జాబితా చెప్పి రాయిస్తాడు. వెంకటేశానికి ఏ పుస్తకం కావాలో మాత్రం అడగడు. ఆ ఇంట్లోనే సుబ్బి ఉంది. నాటకం నాటకమంతా ఆ పిల్ల పెళ్ళి చుట్టూ తిరుగుతుంది. ఆ పెళ్ళి గురించి అందరూ మాట్లాడతారు. సుబ్బినెవరూ అడగరు. గురజాడవారు మనకి చూపించిన దారుణం అదే. మనం నాటకానికి చప్పట్లు కొట్టాం, ఇంటికొచ్చి పిల్లల్ని అడక్కుండానే పుస్తకాలు కొన్నాం.

శ్రీకాకుళం సంగతీ చెప్పాలి. కథలకంటూ ఒక ఇల్లు కట్టిన ఊరు మాది. బడి మాష్టారుగా పనిచేసి రిటైరైన కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. ఎవరు రాసిన కథ అయినా, ఏ మూల పత్రికలో పడినా, పోగు చేసి దాచారు. రాసిన వాళ్ళ మాటని అంత భద్రంగా దాచుకున్న ఊళ్ళో, చదివిన పిల్లల మాటని దాచే అర కూడా ఒకటుండాలన్నది నా కోరిక. అది మాష్టారి పని కాదు, ఆయన తన వంతు చేసి 2021లో వెళ్ళిపోయారు. మన వంతే మిగిలి ఉంది.

అదే 1997లో ఇంగ్లండులో హారీ పోటర్ మొదటి పుస్తకం వచ్చింది. దాన్ని డజను మంది ప్రచురణకర్తలు తిప్పికొట్టారు. చివరికి ఒక సంస్థ అధిపతి మొదటి అధ్యాయం ఇంటికి తీసుకెళ్ళి ఎనిమిదేళ్ళ కూతురి చేతికిచ్చాడు. ఆ పిల్ల చదివి, మిగతాదేదీ అని ప్రాణం తీసింది. పండితులందరూ వద్దన్నదాన్ని గౌను వేసుకున్న విమర్శకురాలు ఒప్పుకుంది. ఫ్రాన్సులో ఇంకా ముందుకెళ్ళారు. గోన్‌కూర్ అని అక్కడ పేరుమోసిన బహుమతి ఒకటుంది. 1988 నుంచి, ఆ పోటీకి ఎంపికైన నవలలనే సుమారు రెండువేల మంది ఉన్నత పాఠశాలల పిల్లలు చదివి, వాదించుకుని, తమ బహుమతి తాము ఇస్తున్నారు. దేశం మునిగిపోలేదు. అమెరికాలో ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి, తన వయసు వాళ్ళ గురించి ఉన్న పుస్తకాల్లో తన వయసు వాళ్ళెవరూ కనిపించక, పదిహేనో ఏట తనే రాయటం మొదలుపెట్టింది. 1967లో అచ్చయిన ఆ నవలని ఇప్పటికీ పిల్లలు చదువుతూనే ఉన్నారు.

“అడిగితే ఏమంటారమ్మా? ప్రేమకథలూ దెయ్యాల కథలూ కావాలంటారు. ఫోనులో వచ్చే సీరియల్ బావుందంటారు” అన్నారు నాతో ఒక పెద్దాయన. అననివ్వండి! నా పద్నాలుగో ఏట భౌతికశాస్త్రం పుస్తకం మధ్యలో అద్దె లైబ్రరీ నుంచి తెచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ ఉండేవాడు, పక్కింటి అక్క తలగడ కింద యద్దనపూడి సులోచనారాణి ఉండేది. అవి చదివే చెడిపోయి ఉంటే ఇవాళ మీకు నా గోల తప్పేది. వాటి వెంట వెళ్ళి వెళ్ళే చాసో దగ్గర తేలాను. ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో చదువు మానిపించిన కుర్రాడి బాధ చదివి, ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు. పిల్లల కోసమని ఆయన రాయలేదు. పిల్లల పక్షాన రాశారు. అందులో ఏ మాష్టారూ వచ్చి ఉపన్యాసం ఇవ్వరు.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. పిల్లలు చెప్పిందల్లా వేదం కాదు. పేజీలెక్కువని మంచి పుస్తకాన్ని పక్కన పడేస్తారు, అట్ట బావుందని చెత్త పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుంటారు. మనమేమైనా తక్కువ తిన్నామా? అడగటం వేరు, తలొగ్గటం వేరు. “ఎందుకు నచ్చలేదు?” అని రెండో ప్రశ్న వేస్తే, వాళ్ళూ ఆలోచిస్తారు, మనమూ ఆలోచిస్తాం. మొదటి ప్రశ్నే వెయ్యకపోతే రెండోదెక్కడిది?

ఇదంతా ఒక పుస్తకం గొడవే కదా, ఇంత రాద్ధాంతమా అంటారా? అలా అనకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయింది. సుబ్బి ఇంకా ఇళ్ళల్లోనే ఉంది, బాబూ! అలాంటి పిల్ల ఏదో ఒక రోజు తండ్రి ముందు నిలబడి “నాకిష్టం లేదు నాన్నా, ఎందుకంటే...” అనాలి. ఆ మాట ముందుగా ఎక్కడో ఒకచోట పలికి ఉండాలి కదా? “ఈ పుస్తకం నాకు నచ్చలేదు, ఎందుకంటే...” అనటంలో ఎవరి పరువూ పోదు, ఎవరి కట్నమూ చెడదు. నోరు తిరగటానికి అంతకన్న సుఖమైన చోటు లేదు. అక్కడ కూడా ‘నీకేం తెలుసు, కూర్చో’ అంటే, రేపు పెద్దల మధ్య లేచి నిలబడమని ఏ మొహం పెట్టుకుని నవలలు రాస్తాం మనం?

అంచేత నేను అడిగేవి మూడే మూడు. బడిలోని ప్రతి కథల పుస్తకానికీ వెనక అట్ట లోపల ఒక తెల్లకాగితం అంటించండి. చదివిన పిల్లలు తోచింది రాస్తారు, పేరు పెట్టినా పెట్టకపోయినా సరే, అక్షరదోషాలు దిద్దకండి. పిల్లల పుస్తకాల పోటీలు పెట్టేవారు తీర్పరులలో ఇద్దరు హైస్కూలు పిల్లల్ని కూర్చోబెట్టండి. జిల్లా గ్రంథాలయాలకి పుస్తకాలు కొనే ముందు, ఆ గ్రంథాలయాలకొచ్చే పిల్లల్ని అడగండి. ఇందులో దేనికీ నిధులు మంజూరు కానక్కర్లేదు. కావలసిందల్లా మన చెవులు.

కిందటి నెల మళ్ళీ ఆ బడికి వెళ్ళాను. ఈసారి సభ లేదు, శాలువా లేదు. చేతిలో నోటు పుస్తకం ఉంది. ‘కూర్చో’ అన్న టీచరుగారే ఎదురొచ్చి “దీని మాటలు మీరు మనసులో పెట్టుకున్నారేమోనని భయపడ్డానండీ” అన్నారు. పెట్టుకున్నానని చెప్పాను. పిల్లని పిలిపించి, చెట్టు కింద పక్కన కూచోబెట్టుకుని, “రెండో సగం మళ్ళీ రాస్తున్నానే అమ్మా. ఆ మాష్టార్ని ఏం చెయ్యమంటావు?” అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. “ఆయన మంచోరే మేడమ్. సంపీకండి. బస్సు తప్పించీయండి.”

ఇప్పుడు నా రాతప్రతిలో మాష్టారు ఆమదాలవలస బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. బస్సు వెళ్ళిపోయింది. అక్కడ ఇంట్లో పిల్ల ఒక్కతీ తండ్రి ముందుకొచ్చి నిలబడింది. ఏమంటుందో నాకు తోచటం లేదు.

వెళ్ళి అడగాలి.