ఢిల్లీ పొగ, బైలాడిలా ధూళి

ప్రతియేటా కార్తీక మార్గశిరాలలో ఢిల్లీ ఆకాశం బూడిదరంగు దుప్పటి కప్పుకుంటుంది. శీతాకాల సమావేశాలకు దిగిన పార్లమెంటు సభ్యులు ముక్కుకు గుడ్డ అడ్డుపెట్టుకుని కార్లెక్కుతారు. ప్రశ్నోత్తరాల సమయంలో పంజాబు, హర్యానా రైతులు తగులబెట్టే వరి కొయ్యలపై వాగ్వాదం చెలరేగుతుంది. ఆపై ఉత్తరపు గాలి కాస్త విసరగానే అందరూ ఆ సంగతి మరచిపోతారు. 2019 నవంబరులో లోక్‌సభ 193వ నిబంధన క్రింద వాయు కాలుష్యాన్ని ప్రత్యేకంగా చర్చించింది. అదే నెలలో, రాజధాని గాలిని గురించి అధికారులను నిలదీయవలసిన పట్టణాభివృద్ధి స్థాయీ సంఘం సమావేశానికి, ముప్పైమందికి దగ్గరగా ఉన్న సభ్యులలో వచ్చినవారు నలుగురే. సమావేశం వాయిదా పడింది. తమ ముక్కుపుటాలకు తగిలే పొగ విషయంలోనే ప్రజాప్రతినిధుల శ్రద్ధ ఇంతమాత్రమైతే, ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న బస్తర్ ధూళిని పట్టించుకునే నాథుడెవరు?

బస్తర్ అనగానే మనకు స్ఫురించేవి అడవులు, తుపాకులు. గాలి చెడిందంటే నమ్మబుద్ధి కాదు. కానీ విశాఖపట్నం పాతబస్తీలోనో, జ్ఞానాపురంలోనో కాపురముండేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆరవేసిన బట్టల మీద, వసారా గట్టు మీద పేరుకునే దుమ్ములో ఓడలకెక్కే, దిగే సరుకుల పాలు ఎంతో వారెరుగుదురు. ఆ సరుకులలో బొగ్గుతోపాటు ముఖ్యమైనది బస్తర్ కొండలను తొలిచి తెచ్చిన ఇనుప ఖనిజం.

ఈ బంధం పాతది. 1960లో జపానుతో కుదిరిన ఒప్పందం మేరకు బైలాడిలా కొండలలో తవ్వకాలు తలపెట్టారు. ఎద్దు మూపురాన్ని పోలి ఉన్నందున ఆ కొండలకా పేరు వచ్చిందంటారు. హైదరాబాదు ప్రధాన కేంద్రంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో కిరండూల్‌లోనూ, 1977లో బచేలిలోనూ ఉత్పత్తి ప్రారంభించింది. ఖనిజం కోసమే తూర్పు కనుమలను చీల్చుకుంటూ కొత్తవలస నుంచి కిరండూల్‌కు దాదాపు 450 కిలోమీటర్ల రైలు మార్గం వేశారు. ఖనిజం కోసమే విశాఖలో వెలుపలి రేవు కట్టారు. తరువాత వచ్చిన విశాఖ ఉక్కు కర్మాగారం సొంత గనులకు నోచుకోక ఆ బైలాడిలా ఖనిజం మీదనే ఆధారపడింది. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు పతనానంతరం వెళ్ళి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని ఐతిహ్యం. ఆధునిక కాలంలో మనం అక్కడ స్థాపించినది గనుల రాజ్యం.

ఇక కాలుష్యపు తీరుతెన్నులు. గనిలో పేలుళ్ళ వల్ల, రాతిని పిండిచేసే యంత్రాల వల్ల, లారీల రాకపోకల వల్ల లేచే ఎర్రధూళి మొత్తంమీద ముతక రకం. అది ఎక్కువ దూరం పోదు. చుట్టుపక్కల ఆకుల మీదా, ఇళ్ళ మీదా, శ్వాసకోశాలలోనూ దిగిపోతుంది. వర్షాకాలంలో గాలి తేటపడుతుంది కానీ ధూళి మాయం కాదు, వాగులలో కలుస్తుంది. దంతెవాడలో దంతేశ్వరీ ఆలయం చెంత సంగమించే శంఖినీ డంకినీ నదుల నీరు దశాబ్దాల తరబడి ఎర్రబారడానికి గనుల వ్యర్థాలే కారణం. వేసవిలో మరో పొగ తోడవుతుంది. ఇప్పపూల కాలంలో చెట్టుక్రింద రాలిన ఆకును తగులబెట్టి నేల శుభ్రం చేయడం గిరిజనుల ఆనవాయితీ. కట్టెల పొయ్యి సరేసరి. 2016లో ఉజ్జ్వల పథకం క్రింద గ్యాసు బండ ఇంటికి వచ్చినా, అది ఖాళీ అయ్యాక మళ్ళీ నింపించుకోవడానికి రొక్కం కావాలి. పొయ్యిని, ఆకుమంటను చూపి గనిని తప్పించే వాదం నేను చాలాసార్లు విన్నాను. ఒక పొగ మరొక పొగకు మాఫీ కాదు.

చలికాలం సంగతి వేరు. రాత్రివేళ నేల చల్లబడి, పైన వెచ్చని గాలి మూతపెట్టినట్లు నిలిచి, పొగను క్రిందనే బంధిస్తుంది. ఢిల్లీలో జరిగేది ఇదే. కొండల నడుమ గిన్నెలా అమరిన విశాఖలో జరిగేదీ ఇదే. ఇక జగదల్‌పూర్ వంతు. ఆ పట్టణానికి తూర్పున 16 కిలోమీటర్ల దూరంలో, సాలుకు 30 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టిన నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో 2023 ఆగస్టులో తొలిసారి ఇనుము కరిగింది. అక్టోబరు 3న ప్రధానమంత్రి దానిని జాతికి అంకితం చేశారు. ఖనిజాన్ని తరలించుకుపోయి బస్తర్‌కు గోతులు మిగిల్చారన్న పాత ఫిర్యాదుకు ఇది కొంత సమాధానమే. ఉద్యోగాలు అక్కడివారికి రావడం న్యాయమే. అయితే కోక్ బట్టీలు, కొలిమి వెలువరించే గంధక, నత్రజని వాయువులు ఆకాశంలో సూక్ష్మకణాలుగా మారి పదుల కిలోమీటర్లు పోగలవు. ముతక ధూళి గని చుట్టూ ఉన్న పల్లెల బెడద. ఈ సూక్ష్మకణాలు పట్టణాల బెడద. శీతకాలపు ఈశాన్య పవనాలు తూర్పున ఉన్న కర్మాగారం మీదుగా పట్టణం వైపు మొగ్గడానికి అవకాశం ఉందన్నది భూగోళం తెలిసినవారెవరైనా ఊహించగలరు.

దీనిని కనిపెట్టవలసిన యంత్రాంగం ఎక్కడ? 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని ఆరంభించింది. 2024 నాటికి కణకాలుష్యాన్ని 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నది మొదటి లక్ష్యం. తరువాత 2025-26 నాటికి 40 శాతమన్నారు. జాబితాలో చేరిన 131 పట్టణాలలో ఆంధ్రప్రదేశ్‌వి 13, విశాఖ వాటిలో ఒకటి. ఛత్తీస్‌గఢ్‌వి మూడు: రాయపూర్, భిలాయి, కోర్బా. బస్తర్ పేరు లేదు. గాలి బాగుందని కాదు. అప్పటికే కొలత కేంద్రాలున్న పట్టణాలలో అయిదేళ్ళపాటు ప్రమాణాలు మీరినవాటినే ప్రధానంగా జాబితాకెక్కించారు. కొలిచే పరికరం లేని చోట కాలుష్యం లేనట్లే! గనులలో, కర్మాగారాలలో కొలతలు తీసి ఆరుమాసాలకొకసారి నివేదించే బాధ్యతను యాజమాన్యాలకే అప్పగించారు. పరీక్ష వ్రాసినవాడే మార్కులు వేసుకునే పద్ధతి ఇది.

జాబితాకెక్కిన పట్టణాల భాగ్యమూ అంతంతమాత్రమే. ఈ కార్యక్రమపు నిధులలో సుమారు 64 శాతం రోడ్ల దుమ్ము అణచడానికే ఖర్చయిందనీ, పరిశ్రమల కాలుష్యానికి ఒక శాతం కూడా దక్కలేదనీ 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్కతేల్చింది. రోడ్డు ఊడ్చే యంత్రానికి రాజకీయ శత్రువులుండరు. పొగగొట్టానికి ఉంటారు.

చట్టం సంగతి చెప్పనవసరం లేదు. స్టాక్‌హోం మహాసభ స్ఫూర్తితో 1981లో వచ్చిన వాయు కాలుష్య నివారణ చట్టంలో కారాగార శిక్ష ఉండేది. మణిపూర్ వ్యవహారంపై సభలు అట్టుడుకుతున్న 2023 వర్షాకాల సమావేశాలలో జన విశ్వాస్ బిల్లు ఆమోదం పొంది, జైలుకు బదులు జరిమానాలు వచ్చాయి. ఎవరినీ జైలుకు పంపని చట్టం కన్నా నిక్కచ్చిగా వసూలయ్యే జరిమానా మేలన్న ప్రభుత్వ వాదనలో పస లేకపోలేదు. కానీ జరిమానాకు ముందు కొలత కావాలి. కాలుష్యం ఒక్కటే కారణంగా సంభవించిన మరణాలకు నిర్ధారిత సమాచారం లేదని మంత్రులు సభలో పదేపదే చెబుతున్నారు. సమాచారం సేకరించనివారు సమాచారం లేదనడం పత్రికా ప్రతినిధుల గ్యాలరీలో కూర్చున్న నాకు విడ్డూరంగా తోచదు, అలవాటైపోయింది.

డబ్బు లేదనడానికీ వీలులేదు. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. పర్యావరణ రక్షణ, కాలుష్య నియంత్రణ దాని ప్రాధాన్యాలలో చేరి ఉన్నాయి. దంతెవాడ ఆ నిధి బాగా జమపడే జిల్లా. కిరండూల్, బచేలి, దంతెవాడ, జగదల్‌పూర్‌లలో యాజమాన్యాలతో నిమిత్తం లేకుండా కాలుష్య మండలి కొలత కేంద్రాలు నెలకొల్పడానికి అది చాలు. వాటి లెక్కలను విశాఖ లెక్కల పక్కన పెట్టి చూసినప్పుడు గాని ఒకే ఖనిజం రెండు కొసలా ఏం చేస్తున్నదో తేలదు. ఎన్‌సీఆర్ కోసం 2021లో రాష్ట్రాల సరిహద్దులను దాటే అధికారాలతో ఒక కమిషన్‌ను చట్టబద్ధం చేసిన పార్లమెంటు, రెండు రాష్ట్రాలను కలిపే ఈ ఖనిజ మార్గానికి ఆ నియమం వర్తించదని ఏ న్యాయంతో అనగలదు? బస్తర్ ప్రాంతానికి లోక్‌సభలో ఉన్న స్థానాలు రెండు. విశాఖ సభ్యుడు వారితో కలిసి ఒక ప్రశ్న వేసినా మంత్రిత్వశాఖ లిఖితపూర్వకంగా జవాబు చెప్పక తప్పదు. ఖనిజం ఎక్కే కిరండూల్ వద్ద, దిగే విశాఖ రేవు వద్ద ఏ రోజున ఎంత ధూళి నమోదైంది, కొలిచినదెవరు, ఖనిజపు వ్యాగన్లపై కప్పు వేయడానికి గడువెప్పుడు అన్నది ఆ ప్రశ్న.