తప్పు బండిదే, నా చేతిది కాదు

ఇంట్లో పాలు విరిగితే గిన్నె సరిగా తోమలేదని ఆడవాళ్ళని అంటారు. కూర మాడితే ఇహ చెప్పనే అక్కర్లేదు. అలాగే స్కూటరు నడిరోడ్డు మీద ఆగిపోతే, నడుపుతున్నది ఆడమనిషైన పక్షంలో, ముందు అనుమానించవలసింది బండిని కాదు, ఆవిడ చేతిని. ఎవరూ రాయకపోయినా అందరూ పాటించే శాస్త్రం ఇది. ఈ శాస్త్రం మీద నాకు చాలా కోపంగా ఉంది. ఎందుకో చెబుతాను, వినండి.

మా అమ్మ పటమటలో ఒక్కర్తీ ఉంటుంది. డెబ్బై రెండేళ్ళ మనిషి, చక్కెర జబ్బు. పొద్దున్న టిఫినుకి ముందు ఇన్సులిన్ సూది పడాలి. ఆవిడకి కళ్ళు ఆనవు, సిరెంజి మీద గీతలు కనపడవు. మేముండేది భవానీపురంలో. బెజవాడ తెలిసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు, అది ఊరికి ఈ కొస, ఇది ఆ కొస. రోజూ ఆటోలకి పోస్తున్న డబ్బు లెక్క కట్టుకుని, నా నవలకి వొచ్చిన పారితోషికంలోంచి 38,000 తీసి, 2017 మోడలు స్కూటరొకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. కొన్నాను అంటే డబ్బు నాదని అర్థం. చూసిందీ, బేరమాడిందీ, టైరుని కాలితో రెండుసార్లు తన్ని ‘‘బండి బావుంది’’ అని తీర్పు చెప్పిందీ మావారు. టైరుని తంతే ఇంజను సంగతి ఎలా తెలుస్తుందో నాకిప్పటికీ తెలీదు.

‘‘ఆర్సీ నా పేరు మీదే ఉండనీ, ఆఫీసుల చుట్టూ నువ్వేం తిరుగుతావు?’’ అన్నారు ప్రేమగా. ఇలాంటి ప్రేమల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. బండి అమ్మినవాడు ఫారం 29 మీదా, అమ్మినవాడూ కొన్నవాడూ కలిసి ఫారం 30 మీదా సంతకాలు చెయ్యాలి. కొన్నవాళ్ళు ముప్ఫై రోజుల్లోగా తెలియజెయ్యాలని 1988 మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. ఇన్సూరెన్సు కూడా పేరు మార్పించుకోవాలి, దానికి గడువు పద్నాలుగు రోజులే. ఇవన్నీ నేనే తిరిగి చేయించుకున్నాను. ఆర్సీ నా పేరు మీదే ఉంది. అక్కడిదాకా గెలుపు నాదే.

ఆ తరవాత మొదలైంది. పొద్దున్నే బటన్ నొక్కగానే బుద్ధిగా స్టార్టవుతుంది. కాలవ దాటి బందరు రోడ్డెక్కేదాకా ఏ పేచీ లేదు. సరిగ్గా బెంజి సర్కిల్ దగ్గరికొచ్చేసరికి రెండుసార్లు గుటకలు మింగి చచ్చూరుకుంటుంది. వెనక బస్సువాడి హారను, పక్కన ఆటోవాడి చూపు. అష్టకష్టాలు పడి పక్కకి తోసుకుని పదినిమిషాలు నిలబడితే, ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఆ పది నిమిషాలూ మా అమ్మ టిఫిను ప్లేటు మీద మూతపెట్టుకుని గుమ్మంవైపు చూస్తూ కూచునేది. ఒకరోజు నేను వెళ్ళేసరికి గోడ పట్టుకుని నిలబడి ఉంది. ‘‘కాస్త కళ్ళు తిరిగాయే, అంతే’’ అంది. ఆవేళ నాకు ఏడుపొచ్చింది.

మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాను. నేను చెబుతున్నాను, ‘‘పాతిక నిమిషాలు నడిచాక ఆగుతోందయ్యా’’ అని. అతను నా భుజం మీంచి వెనక్కి చూసి, ‘‘సార్ రాలేదా మేడం?’’ అన్నాడు. మర్నాడు సార్ వచ్చారు. ‘‘మేడంగారు బ్రేకూ, యాక్సిలేటరూ రెండూ ఒకేసారి పట్టుకుంటున్నట్టున్నారు సార్’’ అన్నాడు. మావారు ‘‘ఆఁ... ఆఁ’’ అన్నారు. అతనే బండి తీసుకుని ఆ సందులో రెండు నిమిషాలు తిప్పి, ‘‘పూలలాగా నడుస్తోంది’’ అన్నాడు. రెండు నిమిషాలు నేను నడిపినా పూలలాగే నడుస్తుంది! పాతిక నిమిషాల రోగానికి రెండు నిమిషాలు నాడి చూస్తే ఏం తెలుస్తుంది?

అక్కణ్ణించి వైద్యం. ప్లగ్గు మార్చారు, 150. కార్బొరేటరు విప్పి కడిగారు, 600. బ్యాటరీ పోయిందన్నారు, 1,500. బెల్టూ, క్లచ్చూ అన్నారు, 3,000. వెరసి 5,250. బండి మాత్రం తన బెంజి సర్కిల్ మొక్కు తప్పలేదు. చివరికి ‘‘ఇంజను బోరింగు చేయించాల్సిందే సార్, ఏడువేలవుతుంది’’ అన్నాడు. సార్ మళ్ళీ ‘‘ఆఁ... ఆఁ’’.

ఈ ‘‘ఆఁ... ఆఁ’’ గురించి ఒకమాట చెప్పాలి. మావారికి కార్బొరేటరంటే ఏమిటో తెలీదు. ఇంటికొచ్చాక నేనడిగితే ‘‘అది ఇంజనులో ఉంటుంది’’ అన్నారు. అంచేత మెకానిక్కులు మోసం చేసేది ఆడవాళ్ళనే అని నేననను. తెలియని మగవాణ్ణి కూడా సుబ్బరంగా మోసం చేస్తారు. కాకపోతే ఆయన తలూపుతూ మోసపోతాడు, మనం బయట నిలబడి మోసపోతాం. ఆ తలూపడం మగతనంలో భాగమని చిన్నప్పుడే ఎక్కడో నేర్పుతారనుకుంటాను.

ఎక్కడో ఏమిటి, మా ఇంట్లోనే నేర్పారు. 1986లో మా నాన్నకి చేతక్ ఉండేది. మొరాయించినప్పుడల్లా దాన్ని పక్కకి వాల్చి, మళ్ళీ నిలబెట్టి, ప్లగ్గు విప్పి గరుకు కాయితంతో రుద్దేవాడు. నేను ఎనిమిదేళ్ళదాన్ని, గుడ్డ పట్టుకుని పక్కనే నిలబడేదాన్ని. నాకన్నా రెండేళ్ళు చిన్నవాడు తమ్ముడు. నాన్న చెప్పేదంతా వాడికే. ‘‘చూడరా, నల్లగా ఉంటే ఒక జబ్బు, తెల్లగా ఉంటే ఒక జబ్బు.’’ నాకు చెప్పింది ఒక్కటే, ‘‘గుడ్డ ఇటివ్వమ్మా.’’ అప్పటికే గేర్లూ, కిక్కూ లేకుండా బటన్ నొక్కితే స్టార్టయ్యే కైనెటిక్ హోండా వొచ్చి రెండేళ్ళయింది, 1984లో వొచ్చింది. అది చూసి మా వీధి మగవాళ్ళంతా ‘‘ఆడవాళ్ళ బండి’’ అని నవ్వేవారు. ఇవాళ ఆ నవ్వినవాళ్ళ కొడుకులంతా గేర్లు లేని బళ్ళమీదే ఆఫీసులకి పోతున్నారు, ఎవరూ నవ్వటం లేదు. బండి నడపడం మనకి ఇచ్చారు సరే. బండి సంగతి మాత్రం ఇంకా వాళ్ళ దగ్గరే అట్టిపెట్టుకున్నారు.

ఏడువేలనేసరికి నాకు మొండితనం వచ్చింది. మార్చిన పాత ప్లగ్గు ఇమ్మని అడిగాను. విచిత్రంగా చూసి ఇచ్చాడు. తెల్లగా, విభూది రాసినట్టుంది. నాన్న గొంతు చెవిలో వినిపించింది. నలుపంటే పెట్రోలు ఎక్కువని, తెలుపంటే చాలటం లేదని తమ్ముడికి ఫోను చేసి కనుక్కున్నాను. మరి టాంకులో పెట్రోలుంది కదా, ఇంజనుకి ఎందుకు చాలటం లేదు? ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. టాంకు నిండా కొట్టించిన రోజున బండి తొందరగా ఆగుతోంది, పెట్రోలు అడుగంటిన రోజున దాదాపు అమ్మ ఇంటిదాకా పోతోంది! తిన్నవాడు పడిపోయి, పస్తున్నవాడు పరిగెత్తడమేమిటి?

అక్కయ్యలూ, మీలో నూనె డబ్బా కొనని వాళ్ళెవరు? డబ్బాకి ఒకటే బెజ్జం పొడిచి వంచండి. గుడుగుడుమని నాలుగు చుక్కలు పడి ఆగిపోతుంది. రెండోపక్క ఇంకో బెజ్జం పొడిస్తే గాలి లోపలికెళ్ళి నూనె ధారగా పడుతుంది. ఇది ఏ కాలేజీలోనూ చెప్పలేదు, అత్తగారు చెప్పింది. నిండు డబ్బా అయితే మరీ మొరాయిస్తుంది, సగం డబ్బా కాసేపు పడుతుంది.

మర్నాడు బెంజి సర్కిల్ దగ్గర ఆగగానే దిగి, సీటెత్తి, పెట్రోలు మూత తిప్పాను. ‘స్స్‌స్’మని గాలి పీల్చుకుంది. మూత బిగించి బటన్ నొక్కాను, స్టార్టయింది! పది నిమిషాలు ఆగలేదు, పది క్షణాలు కూడా ఆగలేదు. ఇంటికి తెచ్చి మూత తిరగేసి చూద్దును కదా, గాలి పోవలసిన సన్నబెజ్జం మీద జిగురు ముద్ద ఒకటి గట్టిగా పట్టేసి ఉంది. సీటు కింద డిక్కీలో పెట్రోలు వాసనొస్తోందని పాత ఆసామీ పెట్టించాడు కాబోలు. ఆయన ముక్కు బావుంది, నా బతుకు బజారున పడింది. కొత్త మూత వేయించాను, దాని వెల మిగతా వైద్యంలో పదోవంతు కూడా లేదు. ఆవేళనించీ ఆగలేదు.

మా పక్కింటావిడ ఇదంతా విని, ‘‘ఇది కూడా మనం నేర్చుకుంటే ఇదీ మన నెత్తినే పడుతుందండీ, గ్యాసు సిలిండరు పడలేదూ?’’ అంది. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు. ఒకసారి చేతనైందని తెలిస్తే ఆ పని జీవితాంతం మనదే. కానీ నేను చేతులకి గ్రీజు పూసుకోమనటం లేదండీ. ఎప్పుడు ఆగింది, ఎంతసేపు నడిచాక ఆగింది, చల్లారితే స్టార్టయిందా, ఆ రోజు పెట్రోలెంతుంది అని చూసి పెట్టుకోమంటున్నాను. మార్చిన సామాను మన చేతికిమ్మని అడగమంటున్నాను. అన్నం ఎందుకు పలుకైందో రోజూ ఆలోచించే బుర్రకి ఇది బరువా? సార్ రాలేదా అని అడిగినప్పుడు, బండి నాది, రోగం నాకు తెలుసు, నాకే చెప్పమని ఒక్కసారి అని చూడండి. మొదట నోరు పెగలదు. నాకూ పెగల్లేదు.

మొన్న సర్వీసింగుకి వెళ్ళినప్పుడు మూత సంగతి మెకానిక్కుకి చెప్పాను. బండి పక్కన కూచుని పాత మూత అటూ ఇటూ తిప్పి చూశాడు. మంచివాడే పాపం, తప్పు ఒప్పుకున్నాడు. తరవాత లేచి, నా వెనక నిలబడ్డ మావారివైపు చూసి, ‘‘భలే కనిపెట్టారు సార్!’’ అన్నాడు.

మావారు ‘‘ఆఁ... ఆఁ’’ అన్నారు.